‘మత చరిత్ర’ అనాలా, ‘మతాల చరిత్ర’ అనాలా?

ప్రశ్న: గత ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై జపాన్ దేశపు మత చరిత్రను గురించిన పాత విద్వద్గ్రంథం ఒకటి దొరికింది. శీర్షిక కింద పూర్వపు యజమాని ఎవరో పెన్సిలుతో ‘జపాను మతాల చరిత్ర’ అని తెలుగులో రాసుకొని, మళ్లీ ‘మతాల’ను కొట్టివేసి ‘మత’ అని దిద్దారు. ఆ దిద్దుబాటు అవసరమా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: అవసరమేనని నా అభిప్రాయం. ‘నా అభిప్రాయం’ అనవలసిన చోట ‘నా మతం’ అన్నా ఒకప్పుడు చెల్లేది. తలచడమనే అర్థంగల ‘మన్’ ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. గీత మూడో అధ్యాయంలో ‘యే మే మతమిదం’ అన్నప్పుడు కృష్ణుడు చెబుతున్నది తన అభిప్రాయాన్నే. సమ్మతం, అభిమతం అనే మాటల్లో ఆ అర్థం నేటికీ చెక్కుచెదరలేదు. కన్నడంలోనూ హిందీలోనూ మతదానమంటే ఓటు వేయడం. (మనం ఓటుతోనే సరిపెట్టుకున్నాం కనుక, కన్నడ పత్రికలో ఆ మాటను మొదటిసారి చూసి ఉలిక్కిపడినవారిలో నేనూ ఒకణ్ణి.)

అభిప్రాయానికి పేరైన మాట, దానిని అనుసరించేవారి సంప్రదాయానికీ పేరయింది. శంకరులను షణ్మతస్థాపకులంటాం, ఆ ఆరు మతాలూ నేటి జనాభా లెక్కల్లో ఒకే గడిలో ఇమిడిపోతాయి. మన పాతబస్తీలో రోజూ వినబడే ‘మజ్‌హబ్’ కూడా, వెళ్లడమనే అర్థంగల అరబ్బీ ధాతువు నుంచి పుట్టి, హనఫీ, షాఫియీ వంటి ధర్మశాస్త్ర శాఖలకు పేరై, ఉర్దూలో మతానికంతటికీ పేరయింది. జపనీయుల ‘షూక్యో’లో ‘షూ’ అంటే శాఖ, ‘క్యో’ అంటే బోధ. బౌద్ధుల వాడుకలోని ఆ పాత మాటకు నేటి విశాలార్థం స్థిరపడింది 19వ శతాబ్ది ఉత్తరార్ధంలోనే.

బహువచనంతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. ‘మతాల’ అనగానే విడివిడిగా లెక్కపెట్టదగినవి కొన్ని ఉన్నాయని ముందే ఒప్పుకున్నట్లవుతుంది. జపానులో 1868 నాటి ప్రభుత్వాజ్ఞలు అక్కడి స్వదేశీ ఆరాధన అయిన షింటోలోని దేవతలను బౌద్ధం నుంచి వేరుచేసేవరకూ, ఒకే ప్రాంగణంలో రెండు ఆరాధనలూ శతాబ్దాలపాటు కలిసి సాగాయి. కామకురాలోని త్సురుగవోకా హచిమాన్ అనే షింటో ఆలయంలో ఉండిన బౌద్ధ కట్టడాలను 1870లో కూల్చివేశారంటే, అంతకుముందు అవి అక్కడ ఎంత సహజంగా నిలిచి ఉండేవో ఊహించవచ్చు. అటువంటి కాలానికి సంఖ్యను బయటపెట్టని ‘మత చరిత్ర’ అనే సమాసమే నప్పుతుంది.

ప్రశ్న: ‘ధర్మ చరిత్ర’ అంటే ఈ పేచీయే ఉండదు కదా?

జవాబు: మరో పేచీ ఉంటుందండీ. బౌద్ధంలో ధర్మమంటే బుద్ధుని బోధ. జపాన్ గ్రంథంలో ఆ మాట అడుగడుగునా ఆ అర్థంలోనే వస్తుంది కనుక దానిని అందుకే విడిచిపెట్టాలి. 1868 తర్వాతి అధ్యాయాల్లో మాత్రం ‘మతాలు’ అని నిస్సంకోచంగా రాసుకోవచ్చు.