అమెరికాలో కాలేజీ ఆటగాళ్ళకి యూనివర్సిటీయే డబ్బులు పంచడం సబబేనా?

ఈతపిల్ల నాన్న:
మా అమ్మాయి స్విమ్మర్. ఎనిమిదేళ్ళు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పూల్ దగ్గర దింపాను. కారు సీట్లకి పట్టిన క్లోరిన్ వాసన ఇంకా వదల్లేదు. ఇక్కడి ఓ పెద్ద యూనివర్సిటీ కోచ్ (పేరు వద్దులెండి) స్కాలర్‌షిప్ లేకపోయినా టీమ్‌లో చోటిస్తానని మాటిచ్చాడు. తీరా చేరే ముందు ఫోన్: ‘రోస్టర్ లిమిట్ (టీమ్‌లో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి) వస్తోంది, సారీ.’ మూడు నిమిషాల్లో అయిపోయింది.

తెలియనివాళ్ళకి చిన్న నేపథ్యం. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ‘హౌస్’ కేసులో (ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) రాజీని ఆమోదించారు. ఎన్‌సీఏఏ అంటే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ. ఇన్నాళ్ళూ ఇవ్వనందుకు ఆటగాళ్ళకి ఎన్‌సీఏఏ పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్లు కట్టాలి. ఇకమీదట ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్ళకి నేరుగా పంచుకోవచ్చు, మొదటి ఏడాది గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్లు. స్కాలర్‌షిప్‌లకి ఉన్న పరిమితి తీసేసి, టీమ్‌లో ఎంతమంది ఉండాలన్నదానికి పెట్టారు. ఫుట్‌బాల్‌కైతే (అమెరికన్ ఫుట్‌బాల్) 105 మంది. పంచే డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కి, తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి. చదువు చెప్పే చోట ఇదేం లెక్క?

శనివారం స్టేడియం:
అన్నా, పాప విషయంలో జరిగింది నిజంగా అన్యాయం. కానీ కోపం ఆటగాళ్ళ మీద చూపిస్తే ఎలా? 2023 నవంబర్లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకి రావాల్సింది సుమారు 7.6 కోట్ల డాలర్లు. పని చెయ్యొద్దని ఇచ్చే డబ్బది! ఆ రోజు చదువుల పవిత్రత ఎవరికీ గుర్తురాలేదు. మోకాలు విరగ్గొట్టుకునే కుర్రాడికి ఇస్తే గుర్తొచ్చిందా?

2021లో ఆల్‌స్టన్ కేసులో (ఆటగాళ్ళకిచ్చే చదువు సాయం మీద పరిమితుల గురించి) అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి మొట్టికాయ వేసింది. ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని జస్టిస్ కావనా విడిగా రాశారు కూడా.

గుంటూరు శీను:
నాకో డౌట్. కాలేజీ ఆటలకి అంత డబ్బు ఎక్కడిదండీ? మా కాలేజీ నుంచి ఇంటర్ యూనివర్సిటీ కబడ్డీకి వెళ్తే ఇచ్చింది ఓ ట్రాక్‌సూటు, స్లీపర్ టికెట్టు, రోజుకో ఉడకబెట్టిన గుడ్డు.

శనివారం స్టేడియం:
శీనూ, నాక్స్‌విల్‌లో నేలండ్ స్టేడియం ఉంది, లక్షకి పైగా సీట్లు. ఉన్నది టెన్నెసీ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే! అసలు డబ్బు మాత్రం టీవీది. ఆటగాళ్ళకి పంచడానికి ఆ యూనివర్సిటీ 2025 సీజన్ టికెట్ల మీద 10 శాతం ‘టాలెంట్ ఫీ’ వేస్తున్నామని బాహాటంగానే చెప్పింది. అభిమానులు తిట్టుకుంటూనే కడుతున్నారు.

లెక్కల మాస్టారు:
ఆ టీవీ డబ్బే అసలు తిరకాసు. దాని కోసమే లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూసీఎల్ఏ, యూఎస్‌సీ 2024లో పాక్-12 లీగు వదిలి బిగ్ టెన్ లీగులో చేరాయి. ఫుట్‌బాల్ వాళ్ళకి వారానికి ఒక్క మ్యాచ్, అదీ ఎక్కువగా శనివారం. కానీ వాళ్ళతోపాటు వాలీబాల్ అమ్మాయిలూ కదలాలిగా! లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీలో, అదే లీగులోని రట్గర్స్ యూనివర్సిటీ దాకా ఎగరడం, మూడు గంటల టైమ్ తేడా, తిరిగొచ్చాక మిడ్‌టర్మ్. ఫుట్‌బాల్ కోసం గీసిన మ్యాప్ ఇది.

ఈతపిల్ల నాన్నగారూ, ఆటగాళ్ళకి డబ్బివ్వడం తప్పు కాదు. మిగతా ఖర్చులు ముట్టుకోకుండా, కోత మాత్రం నోరులేని ఆటల మీద పెట్టడం తప్పు. పైగా 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకి సమాన అవకాశాలు ఉండాలి. ఆ 280 కోట్ల బకాయిల పంపకం దానికి విరుద్ధమని కొందరు క్రీడాకారిణులు అప్పీలుకి వెళ్ళారు కూడా.

ఎఫ్‌వన్ బతుకు:
అందరికీ డబ్బులొస్తున్నాయి అనకండి బాబూ. పర్డూ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాల మనిషి, వరసగా రెండేళ్ళు దేశంలో బెస్ట్ కాలేజీ ప్లేయర్. అయినా కెనడా కుర్రాడు, స్టూడెంట్ వీసా. తోటివాళ్ళు అమెరికాలో ప్రకటనలు చేసి సంపాదిస్తుంటే ఆయనకి వీసా రూల్స్ అడ్డొచ్చాయి. క్యాంపస్ బయట గంట పని చేయాలంటే మనకుండే టెన్షనే!

ఈతపిల్ల నాన్న:
మాస్టారూ, కోత ఎవరి మీద అన్న మాట ఒప్పుకుంటాను. కానీ జీతం లాంటిది ఇస్తూ ఇంకా ‘స్టూడెంట్ అథ్లెట్’ అనడమెందుకు? ఉద్యోగులనే అనొచ్చుగా?

లెక్కల మాస్టారు:
అంటే యూనియన్ వస్తుంది, అదీ భయం. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళు 13-2తో యూనియన్‌కి ఓటేశారు. ఏడాది చివరికి వాళ్ళ యూనియనే పిటిషన్ వెనక్కి తీసుకుంది. లేబర్ బోర్డు (యూనియన్ల వ్యవహారాలు తేల్చే ప్రభుత్వ బోర్డు) సభ్యులు మారితే ఎదురు తీర్పు వచ్చి అందరికీ దారి మూసుకుపోతుందని.

గుంటూరు శీను:
ఇంతకీ చెల్లి ఇప్పుడేం చేస్తోంది అన్నా?

ఈతపిల్ల నాన్న:
ఓ చిన్న డివిజన్ 3 కాలేజీలో ఈదుతోంది శీనూ. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్‌లే ఉండవు, ఫీజు మొత్తం నాదే. రిలేలో చోటు దొరికింది. రేపు మీట్. వాళ్ళ బస్సు పొద్దున ఆరింటికట, నన్ను దింపొద్దంది.