శాకాహారి ఇంట్లో పది రోజుల అతిథి: వేరే వండాలా, మనం తినేదే పెట్టాలా?

అమలాపురం ఇల్లాలు:

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఉల్లి, వెల్లుల్లి వాడతాం గాని గుడ్డు మాత్రం మా గడప దాటి లోపలికి రాదు. పుణేలో మా అబ్బాయితో కలిసి ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు కోనసీమ చూడాలని వాడితో పాటు వచ్చి పది రోజులకు మా ఇంట్లో దిగాడు. వాళ్లది నిజామాబాదు వైపు కుటుంబం. మర్యాద తెలిసిన పిల్లవాడే గాని, భోజనానికి కూర్చుంటే పప్పు, బంగాళాదుంప వేపుడు, పెరుగు తప్ప మరేదీ ముట్టడు. మొదటి రోజు మా అత్తగారు పనసకాయ తెప్పించి, పొట్టు కొట్టించి, ఆవ పెట్టి కూర చేశారు. రెండో రోజు కంద బచ్చలి వండారు. రెండింటినీ అతను విస్తరి అంచుకు జరిపేశాడు, ఆవిడ నొచ్చుకున్నారు. అప్పటి నుంచి నేను రెండు పూటలా బంగాళాదుంప విడిగా వేయిస్తున్నాను. వచ్చినవాడు మన ఇంటి వంటే తినాలని మా మామగారు, అతిథి కోసం ఆ మాత్రం చేయలేమా అని మా ఆడపడుచు రోజూ వాదించుకుంటున్నారు. ఇది చాలదన్నట్టు, కోడిగుడ్డు కూర పార్సిల్ తెచ్చుకుని వీధి అరుగు మీద తినవచ్చా అని నిన్న సాయంత్రం అతను ఎంతో మొహమాటపడుతూ అడిగాడు. ఈ రెండు విషయాల్లో మీ అభిప్రాయాలు చెప్పగలరు.

రాజోలు మాస్టారు:

అమ్మా, మీ మామగారి మాటే సబబని నాకు తోస్తోంది. మన సీమలో అతిథి మర్యాద ప్రస్తావన వస్తే ముందుగా తలచుకోవలసింది డొక్కా సీతమ్మ గారిని. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి, లంకల గన్నవరంలో, ఏరులూ కాలువలూ దాటుకుని వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. అంతర్వేది తీర్థానికి బయలుదేరిన ఆవిడ, ఆకలితో తన ఇంటికే వస్తున్న వారి మాటలు దారిలో చెవిని పడి, వెనక్కి తిరిగి వచ్చేశారని మన పెద్దలు చెబుతారు. అంతమందికి వడ్డించే ఇంట్లో ఒక్కొక్కరి కోసం ఒక్కో కూర వండే వీలుంటుందా? ఉన్నది ఆదరంగా పెట్టడమే గృహస్థు ధర్మం, దాన్ని తినడం అతిథి ధర్మం. గుడ్డు మాట అసలు చర్చకే రాకూడదు.

మండపేట నుంచి:

మాస్టారూ, ఆ పోలిక ఇక్కడ నప్పదు. నడిచి నడిచి ఆకలితో వచ్చిన బాటసారి ఒక పూట తిని వెళ్లిపోతాడు, ఆ ఆకలికి ఏది పెట్టినా రుచిగానే ఉంటుంది. పది రోజులు ఉండే మనిషికి రోజూ నచ్చనిది వడ్డించి, ఇది మా ఇంటి పద్ధతి అని చెప్పడాన్ని ఆదరం అనలేం. తన స్నేహితుడు ఏం తింటాడో ఇంట్లో ముందే చెప్పవలసిన బాధ్యత మీ అబ్బాయిది కాదా అన్నది మరో ప్రశ్న.

పాలకొల్లు పిన్ని:

నాకు ఇందులో ధర్మసందేహం కన్నా వంట సందేహమే ఎక్కువగా కనబడుతోంది. అతను పక్కన పెట్టిన కూరలేవో ఒకసారి చూడండి. నూరిన ఆవ ముక్కుకు ఎక్కే ఘాటు మనకు ప్రాణం గాని, దాన్ని ఎరగని నోటికి అది చేదు మందులా తగులుతుంది. బచ్చలి ఉడికితే జిగురు. ఇక కంద సరిగా ఉడకకపోయినా, పులుపు చాలకపోయినా గొంతులో దురద పుడుతుంది. ఆ దుంపలో సూదుల్లాంటి సన్నని ఆక్సలేటు స్ఫటికాలు ఉండడమే దానికి కారణం, మన పెద్దలు కందకు చింతపండు జత చేసింది కూడా అందుకే. చిన్నప్పటి నుంచి తింటున్న మనం ఆ దురదను లెక్క చేయం. మొదటిసారి తిన్నవాడు భయపడతాడు. కాబట్టి అతను కాదన్నది శాకాహారాన్ని కాదు, ఆవనూ జిగురునూ మాత్రమే కావచ్చు. ఏది నచ్చలేదో, రుచా, వాసనా, జిగురా అని ఒక్కసారి నెమ్మదిగా అడిగితే సగం చిక్కు విడిపోతుంది.

వేరే వంట అవసరం లేదు, ఒకే వంటను చివరిలో రెండుగా విడదీస్తే చాలు. పనసపొట్టును ఉడికించి, నీరు పిండి, తాలింపులో చింతపండు పులుసుతో మగ్గించి దించుతాం కదా. ఆవను ఎలాగూ వేడి మీద కలపం, కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కూర చల్లారడానికి ఆగే ఆ కాసేపట్లో రెండు గరిటెలు పక్కకు తీసి, నేతిలో వేయించిన మోరి జీడిపప్పు కలిపి అతనికి వడ్డించండి. కందను పలుచని ముక్కలుగా తరిగి, చింతపండు నీళ్లలో కాసేపు ఉంచి, తడి ఆరాక కరకరలాడేలా వేయించి ఉప్పూ కారం చల్లండి. బెండకాయలను కడిగి, తుడిచి, ఆరాకనే తరిగి, మూత పెట్టకుండా వేయిస్తే జిగురు ఉండదు, పైన పచ్చికొబ్బరి కోరు చల్లవచ్చు. ఉదయం మినపరొట్టె మూకుడులో అడుగు ఎర్రగా కాలేలా పోసి, కొబ్బరి పచ్చడితో పెట్టండి. దాన్ని వద్దన్న అతిథిని మా పాలకొల్లులో నేను ఇంతవరకు చూడలేదు. (ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిన రోజున ఇలాంటి పిల్లలు ఎన్ని తింటారో కూడా గమనించండి, అప్పుడు ఏ పేచీలూ ఉండవు.)

మరొక్క మాట. కొసరి కొసరి వడ్డించడం మన వైపు మర్యాదే గాని, తినలేక అవస్థ పడుతున్నవాడికి "కాస్త రుచి చూడు బాబూ" అని మూడుసార్లు చెప్పడం శిక్షతో సమానం. కూరను గిన్నెలో ఎదురుగా పెట్టి, అతని విస్తరి వైపు చూడకుండా ఉండమని మీ అత్తగారికి చెప్పండి. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టమైన పని, నాకు తెలుసు.

భీమవరం నుంచి:

నేను మాంసాహారిని కనుక అటువైపు నుంచి చెబుతాను. కార్తీక మాసంలో మా ఇంట్లో నెల పొడవునా నీచు ముట్టం, దానివల్ల ఎవరమూ చిక్కిపోలేదు. పది రోజులు గుడ్డు లేకపోతే అతనికి ఏదో అయిపోతుందని మీరు బెంగపడనక్కర లేదు. అయితే మా పిల్లల్లాంటి వారికి కంచంలో మాంసం లేకపోతే కూరే లేనట్టు అనిపిస్తుంది, అందులో మీ మీద చిన్నచూపేమీ ఉండదు. ఒకప్పుడు నేను ముక్తేశ్వరం వైపు ఒక శాకాహారుల ఇంట్లో మూడు రోజులు ఉన్నాను. రెండో రోజు సాయంత్రం ఆ ఇంటాయన తన మోటారుసైకిల్ తాళాలు నా చేతికిచ్చి, "ఊళ్లోకి వెళ్లి మీకు కావలసింది తిని రండి, తొమ్మిదింటికి పెరుగన్నం కలిపి ఉంచుతాం" అన్నారు. వెళ్లి తిన్నాను, తిరిగి వచ్చి పెరుగన్నం కూడా తిన్నాను.

మండపేట నుంచి:

బయటికి పంపడం కన్నా అరుగు మీద తిననివ్వడమే మేలని నేను అనుకుంటాను. కాగితపు ప్లేటులో తిని, చెత్త బయట పారేస్తే మీ గిన్నెలకు వచ్చిన నష్టమేమిటి?

రాజోలు మాస్టారు:

అరుగు కూడా ఇంటిలో భాగమేనండీ. వంట విషయంలో పిన్ని గారు చెప్పిన పద్ధతికి నేను ఒప్పుకుంటున్నాను, ఆవ కలపక ముందు రెండు గరిటెలు తీసినంత మాత్రాన ఇంటి వంట మారిపోదు. అరుగు సంగతి మాత్రం మీరూ నేనూ తేల్చేది కాదు. ఆ ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టే మనిషి ఎవరో, ఆ మనిషి మాటే చెల్లాలి.

అమలాపురం ఇల్లాలు:

అందరికీ నమస్కారాలు. రాత్రి అతన్ని అడిగాను. కంద తినగానే గొంతు దురద పెట్టిందని, చెబితే నానమ్మ నొచ్చుకుంటారని మంచినీళ్లు తాగి ఊరుకున్నానని చెప్పాడు. బచ్చలి మాత్రం నిజంగానే ఇష్టం లేదట. ఈ ఉదయం మినపరొట్టె రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. గుడ్డు సంగతి మా అత్తగారినే అడిగాను. ఆవిడ అరుగు మీద కూడా వద్దన్నారు గాని, పిల్లలిద్దరూ అమలాపురం వెళ్లి తిని వస్తే తనకు అభ్యంతరం లేదని, స్కూటర్ తాళాలు ఎక్కడ ఉన్నాయో తానే చూపించారు. ఆవ లేకుండా రెండు గరిటెలు తీసే విషయంలో మాత్రం, "ఆవ పెట్టని పనసపొట్టును కూర అని ఎవరంటారే?" అని ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఆదివారానికి మళ్లీ పనసకాయ చెప్పాం. ఆవిడ ఆవ నూరుకుంటున్న సమయం చూసి నేనే తీయాలి.