చావింటి శోకాన్ని ఫోన్లో దాచుకోవచ్చునా?

పాకాల పిల్లోడు:
రెండేళ్ళ కింద మా చిన్నాయన పోయినప్పుడు అవ్వ శోకాలు పెట్టి ఏడ్చింది. నేను పంచలో కూర్చోని ఫోన్లో రికార్డు చేసినా, 11 నిమిషాలు. చిన్నాయన కొనిన ఎద్దుల పేర్లు, చేనికి పొయ్యే దారి, చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది, అన్నీ వరస కట్టి పిలుస్తా ఏడ్చింది. ఒక్కో వరస చివర గొంతు బాయిలోకి దిగినట్టు దిగిపోతుంది. మధ్యలో ఎవరిదో చెంబు కింద పడిన చప్పుడు. ఈ సంక్రాంతికి అవ్వ కూడా పోయింది. బతికుండే ఇంట్లో శోకం వినపడకూడదు, తీసెయ్‌రా అంటాడు నాయన. మా ఊర్లో ఇంక అట్లా ఏడ్చేవాళ్ళు లేరు. ఏం చేయమంటారు?

తిరుపతి రమణి:
తీసేయొద్దు తమ్ముడూ, నీకు దండం పెడతా. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద వేలల్లో మిగిలినాయి, రాగం పేర్లతో సహా. ఆ పాటను ఆయన ఎట్లా ఎత్తుకున్నాడో మాత్రం మనకు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు కొత్తగా వరసలు కడితే గదా ఇప్పుడు పాడుకుంటా ఉండేది! అన్నమయ్య పోయింది 1503లో, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చింది 1877లో. ఆ కాలంలో యంత్రం లేదు. నీ జేబులో ఉండాదే! ఎమ్మెస్ అమ్మ 2004లో పోయిందని సుప్రభాతం వినడం మానేసినామా?

చిత్తూరు మాస్టారు:
రమణమ్మా, సుప్రభాతం మనం వినాలనే ఎమ్మెస్ గారు మైకు ముందు పాడినారు. ఈ అవ్వ కొడుకు కోసం ఏడ్చింది. రెండూ ఒకటేనంటే నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియా టీవీల్లో అక్కడి ఆదివాసుల కోసం ముందే హెచ్చరిక వేస్తారు, ఇందులో చనిపోయినవాళ్ళ రూపాలు, గొంతులు ఉండొచ్చని. చాలా తెగల్లో పోయినవాళ్ళ పేరు కూడా కొంతకాలం పలకరు. మీ నాయన మాటను చాదస్తమని కొట్టిపారేయొద్దు అబ్బాయ్. మా అమ్మ పోయినాక ఏడాది దాకా ఆమె వాయిస్ మెసేజ్ నొక్కడానికి నాకే చెయ్యి రాలేదు.

పుత్తూరు సుజాత:
మాస్టారూ, ఇది కూడా చూడండి. 1890లో ఫ్యూక్స్ అనే ఆయన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడీ అనే ఆదివాసీ జనం పాటల్ని, కథల్ని మైనపు సిలిండర్ల మీద పట్టినాడు. ఒక్కోటి రెండు మూడు నిమిషాలే. ఆ గొంతులు ఏండ్లకేండ్లు వాళ్ళకు దూరంగా మ్యూజియంలో పడి ఉండినాయి. ఇప్పుడు ఆ జనానికే తిరిగి అందినాయి, విని పాటలు మళ్ళీ నేర్చుకుంటా ఉండారు. బయటివాళ్ళకు ఏది వినిపించాలో, ఏది వద్దో వాళ్ళే చెప్తారు. ఆనాడే చెరిపేసి ఉంటే? తమ్ముడూ, యూట్యూబులో పెట్టొద్దు, చెరపనూ వద్దు. ముందు అవ్వ కూతుర్ని అడుగు.

పాకాల పిల్లోడు:
మేనత్తను అడిగినా అక్కా. ఇంట్లో వద్దు, చేనికాడికి పోదాం పా అనింది. బాయి గట్టున కూర్చోని వినింది. నాయన రాలేదు. ఎద్దుల పేర్లు వచ్చే చోట ఆపించి మళ్ళీ పెట్టమనింది. మూడోసారికి అవ్వతో పాటు తనూ సన్నగా ఎత్తుకుంది. పెన్‌డ్రైవులో ఎక్కించి అత్త చేతికిచ్చినా. నా ఫోన్లోది ఇంకా తీయలేదు, నాయనతో మాట్లాడాల.