దిష్టి చుక్క కూడా చెరిపేశారు, ఈ స్టూడియో ఫోటో బాగుపడుతుందా?

చిన్నిఅమ్మ:
బాబుకి నాలుగేళ్లు, పాపకి 14 నెలలు. 12×18 ఫ్రేము కోసం ఇద్దరినీ కలిపి స్టూడియోలో తీయించాం. పాప ముఖం సున్నం కొట్టినట్టుంది, బుగ్గ మీది దిష్టి చుక్క మాయం. గడ్డం కింద మాత్రం ఎర్రగా ఉంది. బాబు కళ్లు సగం మూతపడ్డాయి. ఫైలు వాట్సాప్‌లో పంపారు. ప్రింటుకి ఇచ్చేలోపు ఏమైనా చేయొచ్చా?

ప్రింట్‌ల్యాబ్:
ఆ ఫైలు జోలికి వెళ్లకండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించేస్తుంది. 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 90 కూడా రావు. గోడకి కనీసం 200 కావాలి, అంటే 2400×3600. ఎడిట్ చేయని ఒరిజినల్స్, ఆ రోజు తీసినవన్నీ, పెన్‌డ్రైవ్‌లో అడగండి. రా ఫైళ్లు (కెమెరా ఏమీ మార్చకుండా దాచిన అసలు ఫైళ్లు) ఉంటే మరీ మంచిది.

మాస్క్‌మాస్టారు:
ఒరిజినల్ దొరికితే సగం పని అయిపోయినట్టే. తెల్లబరిచిన ఫైల్లో చర్మం 255కి, అంటే పూర్తి తెలుపుకి, కొట్టేసి ఉంటే అక్కడ వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. దిష్టి చుక్క పోయింది మచ్చలు తుడిచే బ్రష్ వల్ల. ఫోటోషాప్‌లో ఒరిజినల్‌ని పై లేయర్‌గా (పై పొరగా) పెట్టి, దాన్ని దాచే నల్ల మాస్క్ వేసి, చుక్క దగ్గర తెల్ల బ్రష్ తిప్పితే తిరిగొస్తుంది.

పాపది ఎర్ర పట్టు పావడా అయితే గడ్డం కింద ఎరుపు దానిదే. లైటు గుడ్డ మీద పడి పైకి ఎగజిమ్ముతుంది. హ్యూ-సాచురేషన్‌లో (రంగుల గాఢత మార్చే టూల్‌లో) రెడ్స్ గాఢతని 15-20 తగ్గించి, మాస్క్‌తో గడ్డం, మెడ వరకే ఉంచండి. బొట్టుకి, పెదవులకి తగలనివ్వకండి. చర్మం మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో (ఒక్కోటి 0 నుంచి 255 వరకు) ఎరుపు పెద్దది, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం ఉండాలి. నీలం ఆకుపచ్చని దాటిందంటే ప్లాస్టిక్ బొమ్మే.

బాబు కళ్లకి అదే వరసలో తీసిన ఇంకో ఫోటో వెతకండి. రెండూ లేయర్లుగా పెట్టి ఆటో-అలైన్ చేసి (ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా), మాస్క్‌తో తల మొత్తం తీసుకోండి. కళ్లు మాత్రమే అతికిస్తే, తల ఏ కాస్త వాలినా మెల్లకన్నులా కనిపిస్తుంది. అతుకు జుట్టు చివర, కాలరు దగ్గర దాగుతుంది. బుగ్గ మీద వేస్తే దాగదు. పక్కకి తిరిగిన ముఖాన్ని అద్దంలోలా తిప్పి వాడకండి. పాపిడి, నీడ అటుది ఇటు అవుతాయి, ఇంట్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

చిన్నిఅమ్మ:
రా ఇవ్వరట అండీ. కావాలంటే వాళ్లే సరిచేసి ఇస్తారట.

ప్రింట్‌ల్యాబ్:
పర్లేదు, రా ఇవ్వకపోవడం చాలాచోట్ల మామూలే. ‘బాగా చేయండి’ అంటే మళ్లీ సున్నమే. విడివిడిగా రాసివ్వండి: చర్మం తెల్లబరచొద్దు, స్మూతింగ్ మూడో వంతుకి తగ్గించాలి, దిష్టి చుక్క ఉంచాలి, బాబు తల ఫలానా నంబరు ఫోటోలోది, ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో (మామూలుగా వాడే రంగుల పద్ధతి), పూర్తి సైజులో. పెద్ద ప్రింటుకి ముందు 4×6 తీయించి పగటి వెలుగులో చూడండి. మొబైల్ స్క్రీన్ మీద ప్రకాశంగా కనిపించింది కాగితం మీద ముదురుగా దిగుతుంది. ఫ్రేముకి అద్దం ఉంటే మ్యాట్ కాగితం నయం.

ఎఫ్8:
ఒక్క మాట. వీటన్నిటికంటే ముందు బాబు కనుపాపని 100 శాతం జూమ్‌లో చూడండి. ఎఫ్1.8లో (లెన్స్ బాగా తెరిచి, కొద్ది లోతే స్పష్టంగా వచ్చేలా) తీసి, బాబు పాప కంటే అరడుగు వెనక ఉంటే అతనిది ఫోకస్ పోయి ఉంటుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ఏఐ షార్పెనింగ్ లేని రెప్పవెంట్రుకలు, లేని పళ్లు పుట్టిస్తుంది, దగ్గరికెళ్తే వేరే పిల్లాడు. అలా ఉంటే 5×7తో సరిపెట్టుకోండి, లేదా మళ్లీ తీయమనండి. ఈసారి ఎఫ్8 (లెన్స్ తక్కువ తెరిచి), స్టూడియో ఫ్లాష్, ఇద్దరి తలలూ కెమెరాకి ఒకే దూరంలో. పాప నిద్రలేచి పాలు తాగిన తర్వాతి టైము అడగండి.