జూమ్ 35 దాటితే ఎర్రర్: ఇంట్లోనే విప్పుదామనుకుంటున్నాను

గుణుపురం_కుర్రాడు
అందరికీ నమస్కారం. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. నా 18-55 కిట్ లెన్స్ 18 దగ్గర బాగానే ఉంది. 35 దాటించి క్లిక్ కొడితే ఎర్రర్ వచ్చి కెమెరా ఆగిపోతోంది. అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్నం) పూర్తిగా తెరిచి పెడితే 55 దగ్గర కూడా ఫోటో పడుతోంది. అపర్చర్ 8కి తెచ్చి కాస్త మూస్తే మళ్లీ ఎర్రర్. లోపల ఫ్లెక్స్ (రిబ్బన్‌లా ఉండే పల్చటి తీగ) తెగితే ఇలా అవుతుందని వీడియోల్లో చూశాను. 240 రూపాయలు పెట్టి ఫ్లెక్స్ తెప్పించాను. షాపులో అడిగితే 1,800, ఇరవై రోజులు అన్నారు. పన్నెండు రోజుల్లో పెళ్లి ఒప్పుకున్నాను. ఇంట్లో విప్పొచ్చా?

కిమిడి_కోట
ముందు లెన్స్ వెనక కెమెరాకి తగిలే లోహపు కాంటాక్ట్‌లు పెన్సిల్ రబ్బరుతో తుడిచావా? నాది అలాగే బాగైంది.

గుణుపురం_కుర్రాడు
తుడిచానన్నా. అదే మురికైతే 18 దగ్గర కూడా రావాలి కదా?

బరంపురం_మేస్త్రి
విప్పకు బాబూ. 26 ఏళ్లుగా ఇదే పని మీద బతుకుతున్నాను. ఫ్లెక్స్ మార్చడం పెద్ద పని కాదు, దాని దాకా వెళ్లడమే పెద్ద పని. వెనక మౌంట్, అదే కెమెరాకి తగిలించే రింగు, తీయగానే కింద వెంట్రుక మందం రేకులు కనిపిస్తాయి, షిమ్‌లు. మౌంట్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5. లెన్స్ ఆ దూరానికి సరిగ్గా కూర్చోవడానికే ఆ రేకులు. ఒకటి పోయినా, ఒకటి మడత పడినా దూరపు కొండ మీద ఫోకస్ కుదరదు. పెళ్లికూతురు ముఖం ఒక పక్క పదునుగా, ఇంకో పక్క అలికినట్టు వస్తే వాళ్ల అమ్మకి ఏం చెబుతావు? ఇంకోటి. జపాన్ లెన్స్ స్క్రూలకి జేఐఎస్ బిట్ కావాలి, అంటే జపాన్ ప్రమాణం స్క్రూడ్రైవరు మొన. నీ దగ్గర ఉండేది మామూలు ఫిలిప్స్. అది జారి స్క్రూ తల తినేస్తుంది. తల పోయిన స్క్రూ నా దగ్గరికొస్తే డ్రిల్ వేయాలి.
రబ్బరు కూడా వాడొద్దు. పొడి లోపలికి పోతుంది. బట్టకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

రాయగడ_నైట్‌డ్యూటీ
తమ్ముడూ, విప్పు. నువ్వు చెప్పిన గుర్తులు పక్కా ఫ్లెక్స్‌వే. జూమ్ తిప్పినప్పుడల్లా అపర్చర్ ఉన్న అద్దాల గుత్తి ముందుకీ వెనక్కీ నడుస్తుంది, దాంతోపాటు ఫ్లెక్స్ మడత పడుతూ విచ్చుకుంటూ ఉంటుంది. కొన్ని వేలసార్లు మడిచాక మడత దగ్గర రాగి గీత చిట్లుతుంది. 18 దగ్గర చిట్లిన అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, 35 దాటితే విడిపోతాయి. పూర్తిగా తెరిచినప్పుడు ఎర్రర్ ఎందుకు రాదంటే, నువ్వు చూసేటప్పుడు, ఫోకస్ చేసేటప్పుడు అపర్చర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. క్లిక్ కొట్టిన క్షణంలోనే మూసుకోమని ఆర్డర్ వెళుతుంది. తెరిచే ఉంచితే ఆర్డరే లేదు, తెగిన తీగ సంగతి బయటపడదు.
షాపులకిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. విశాఖలో ఒక షాపులో లెన్స్ ఇచ్చాను. నాలుగు నెలలు తిప్పించారు. ప్రతిసారీ రైలు ఛార్జీ, ఒక రోజు జీతం. చివరికి చేతికిచ్చింది లోపల బూజు పట్టిన లెన్స్. ఇచ్చేటప్పుడు బూజు లేదు!

జయపురం_బాబాయ్
విప్పేముందు జాగ్రత్త. మా బావమరిది గోపాల్‌పూర్ బీచ్‌లో చిన్న కెమెరా ఇసుకలో పడేశాడు. మూతి బయటికొచ్చి అక్కడే బిగుసుకుంది. ఇంట్లో విప్పబోయి ఫ్లాష్ కెపాసిటర్ ముట్టుకున్నాడు. మోచేతి దాకా జివ్వుమంది. బ్యాటరీ తీసేసినా అందులో 300 వోల్టుల దాకా నిలవుంటుందట.

కిమిడి_కోట
బాబాయ్, ఇతను విప్పేది లెన్స్. లెన్స్‌లో ఫ్లాష్ ఎక్కడుంది?

జయపురం_బాబాయ్
నేను జాగ్రత్త అన్నాను. అందులో తప్పేముంది?

బరంపురం_మేస్త్రి
రాయగడ బాబుకి గుర్తులు బాగానే తెలుసు. కానీ పక్కా ఫ్లెక్సే అని ఇక్కడ కూర్చుని ఎలా చెబుతాడు? జూమ్ నడిచే గాడిలో చిన్న ప్లాస్టిక్ కాలర్లుంటాయి. అవి అరిగి ఊడితే గుత్తి ఒక పక్కకి ఒరిగి ఫ్లెక్స్‌ని నలుపుతుంది. కాలర్ మార్చకుండా ఫ్లెక్స్ మారిస్తే కొత్తదీ పోతుంది. జేఐఎస్ బిట్ గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడరు.

రాయగడ_నైట్‌డ్యూటీ
మొబైల్ రిపేర్ కిట్‌లో బిట్ చాలు మేస్త్రిగారూ. కిందికి గట్టిగా అదిమి, మెల్లగా తిప్పితే జారదు. పదకొండు లెన్స్‌లు విప్పాను. ఒక్క స్క్రూ తల పోలేదు.

బరంపురం_మేస్త్రి
పదకొండు! నేను రెండు నెలల్లో విప్పేవి అంతకన్నా ఎక్కువ. ఫిలిప్స్ వేరు, జేఐఎస్ వేరు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గాని మొన దగ్గర వంపు వేరు.

రాయగడ_నైట్‌డ్యూటీ
మీరు మూడు పోస్టులు రాశారు, మూడింటిలోనూ స్క్రూడ్రైవరు, భయం తప్ప లోపలికి ఎలా వెళ్లాలన్నది ఒక్క ముక్క లేదు. తమ్ముడూ, ఇది చదువు. విప్పే ప్రతి దశకీ ఫోన్‌తో ఫోటో తీసుకో. స్క్రూలు అన్నీ ఒకే పొడుగు కావు. ఇడ్లీ ప్లేటు తెచ్చుకో. ఒక్కో గుంటలో ఒక్కో దశ స్క్రూలు వెయ్యి, గడియారం తిరిగే వరసలో. ఫ్లెక్స్ దూరే సాకెట్‌కి చిన్న తాళం ఉంటుంది. గోటితో పైకి లేపాకే ఫ్లెక్స్ లాగు. లేపకుండా లాగావో, సాకెట్టే ఊడొస్తుంది.

బరంపురం_మేస్త్రి
ఇడ్లీ ప్లేటు మాట ఎక్కడ నేర్చుకున్నావు?

బరంపురం_మేస్త్రి
అడిగాను. జవాబు చెప్పు. బరంపురంలో కాదు, కటక్‌లో కాదు, నేనెరిగినంతలో ఇడ్లీ ప్లేటులో స్క్రూలు వేసేది ఒక్క షాపే. పాత బస్టాండు దగ్గర.

రాయగడ_నైట్‌డ్యూటీ
మీ షాపే గురువుగారూ. దాచేదేముంది? రెండేళ్లు ఊడ్చాను. రెండేళ్లలో నాకు నేర్పింది ఇడ్లీ ప్లేటు, అద్దం తుడవడం. లెన్స్ ముందు వైపు అద్దాల గుత్తి సరిచూసేటప్పుడు మాత్రం "టీ తీసుకురారా" అనేవారు. టీ తెచ్చేసరికి లెన్స్ మూసేసి ఉండేది. ఎన్ని టీలు తెచ్చానో నాకే లెక్క లేదు.

కిమిడి_కోట
ఓలమ్మో. ఇది లెన్స్ గొడవ కాదులా ఉంది.

బరంపురం_మేస్త్రి
నాకు మా గురువు ఆరేళ్లకి చూపించాడు. నీకు రెండేళ్లకే చూపించలేదని ఏడుపా? చెప్పకుండా మానేశావు. పండగ బోనస్ తీసుకున్న మర్నాడు. నేను టిఫిన్ కూడా తినకుండా నీ గదికి వచ్చి చూశాను, తాళం. తర్వాత ఏడాది పాటు నీ చేతిలో తెరుచుకున్న లెన్స్‌లు నా కౌంటర్ మీదికొచ్చాయి. "మీ దగ్గర పనిచేసిన కుర్రాడే చేశాడండీ" అని. సరిచేసి పంపాను. పేరు నాది కదా. కొందరి దగ్గర డబ్బు కూడా తీసుకోలేదు.

రాయగడ_నైట్‌డ్యూటీ
ఎన్ని లెన్స్‌లు?

బరంపురం_మేస్త్రి
నాలుగు.

రాయగడ_నైట్‌డ్యూటీ
నాలుగింటిలోనూ ముందు గుత్తే తప్పి ఉంటుంది. అదొక్కటే నాకు తెలీనిది. చెప్పుంటే ఆ నాలుగూ మీ కౌంటర్‌కి వచ్చేవి కావు. ఇప్పుడు ఈ తమ్ముడు అడిగితే "విప్పకు" అంటున్నారు. అతనికి భయం పెట్టడం దేనికి? మీ షాపుకి రావాలనా?

బరంపురం_మేస్త్రి
నా షాపుకి ఎవడొస్తున్నాడిప్పుడు? ఫోన్‌లు వచ్చాక నెలకి ఏడో ఎనిమిదో. అద్దె కట్టడానికే సరిపోదు. అందరికీ ఇంట్లోనే చేసుకొమ్మని నేనే చెప్పాలా? చెబితే మర్నాడు నేనేం చెయ్యాలి, టీ కొట్టు పెట్టుకోవాలా?

జయపురం_బాబాయ్
ఇద్దరూ కాస్త తగ్గండి. ఆ కుర్రాడికి పెళ్లి ఉంది.

గుణుపురం_కుర్రాడు
పెళ్లి నాది కాదు బాబాయ్. ఫోటోలు నావి.
మేస్త్రిగారూ, అన్నా, ఇద్దరికీ దండం. ఇందాకే మౌంట్ తీసేశాను. మొబైల్ కిట్ బిట్‌తోనే, అదిమి పట్టి. నాలుగు స్క్రూలూ వచ్చాయి. రేకులు మూడున్నాయి మేస్త్రిగారూ, మీరు చెప్పినట్టే. ఒకటి ఎగిరి నేల మీద పడింది. దొరకట్లేదు. ఏం చెయ్యాలి?

రాయగడ_నైట్‌డ్యూటీ
కదలకు. ఫ్యాన్ ఆపు.

బరంపురం_మేస్త్రి
చీపురు ముట్టుకోకు. గదిలో లైట్ ఆర్పి, ఫోన్ టార్చ్ నేలకి ఆనించి అడ్డంగా వెలుగు వెయ్యి. రేకు మెరుస్తుంది. దొరికాక మిగతా రెండూ ఏ స్క్రూ దగ్గర ఏవి ఉన్నాయో ఫోటోలో చూసుకో. ఫోటో తీశావా, లేదా?
రాయగడ, నువ్వూ చదువు, మళ్లీ టీకి పంపను. ముందు గుత్తి విప్పేముందు మూడు కాలర్ల తలకాయల మీదా, వాటి పక్కన గొట్టం మీదా సూదితో ఒకే గీత గియ్యాలి. ఆ కాలర్లు నడిమిట్లో స్క్రూ ఉన్నట్టు కనిపిస్తాయి గాని కొంచెం పక్కకి ఉంటుంది. తిప్పితే అద్దం ఒక పక్కకి వాలుతుంది. మళ్లీ బిగించేటప్పుడు గీతకి గీత కలపాలి. కలవకపోతే గోడకి న్యూస్‌పేపర్ అంటించి, అపర్చర్ తెరిచి, నాలుగు మూలలూ చూసుకుంటూ ఒక్కో కాలర్‌నీ కొద్దికొద్దిగా తిప్పుకోవాలి. నేను చేసేది అంతే.

రాయగడ_నైట్‌డ్యూటీ
గీతేనా?

బరంపురం_మేస్త్రి
గీతే.

గుణుపురం_కుర్రాడు
దొరికింది! ఫోటో కూడా తీశాను. కానీ ఇప్పుడు నాలుగున్నాయి.

గుణుపురం_కుర్రాడు
నాలుగోది మా చెల్లి జాకెట్టు చెమ్కీ.

బరంపురం_మేస్త్రి
అది దానికిచ్చెయ్యి. సూది కూడా దాని దగ్గరే అడుగు.