కావలి నుంచి న్యూస్ యాంకర్ కావాలంటే ఎట్టా?

కావలి అమ్మాయి:
నాది కావలి, బీకాం ఫైనలియర్. టీవీలో వార్తలు చదవాలని చిన్నప్పటి నుంచి కోరిక. నాన్న వద్దనడం లేదు గానీ, "అర్ధరాత్రి డ్యూటీలంట, హైదరాబాద్‌లో ఒక్కదానివి ఎట్టా ఉంటావు?" అంటున్నాడు. అక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సుకు 60 వేలు అడిగారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా? నేను నోరు తెరిస్తే నెల్లూరు యాస తెలిసిపోతుంది. అదొక టెన్షన్.

కందుకూరు ఆడపడుచు:
చెల్లీ, ఆ డబ్బు కట్టొద్దు. రెండు ఛానళ్లలో కలిపి పదకొండేళ్లు వార్తలు చదివాను. మొదట్లో నేనూ అట్టాంటి చోటే డబ్బు పోగొట్టుకున్నాను. మేకప్పు, కూర్చునే తీరు తప్ప ఏమీ నేర్పలేదు. స్టూడియోలో మొదటి రోజు చెవిలో టాక్‌బ్యాక్, అంటే లోపలి వాళ్ల మాటలు వినిపించే ఇయర్‌పీస్ పెట్టగానే నోట మాట ఆగిపోయింది. మనం చదువుతూ ఉంటే పీసీఆర్ (కంట్రోల్ రూమ్) నుంచి ప్రొడ్యూసర్ "బైట్ (ఎవరైనా మాట్లాడిన వీడియో ముక్క) రాలేదు, లాగించు", "ఫోనోలో (ఫోన్ లైన్లో) రిపోర్టర్ ఉన్నాడు, తీసుకో" అని చెప్తూనే ఉంటాడు. అది వింటూనే తడబడకుండా చదవాలి. ఇంట్లోనే సాధన చెయ్యి: ఒక చెవిలో రేడియో పెట్టుకుని పేపర్ పైకి చదువు. నాకు నాలుగు నెలలు పట్టింది.

యాసకు భయపడొద్దు. సాగదీత కొన్నాళ్లకు సర్దుకుంటుంది. ఒత్తులు, ళ, ణ చూసుకో. "భారీ"ని "బారీ" అంటే మైకు దాచదు. శాంతిస్వరూప్ గారు దూరదర్శన్‌లో 1983 నవంబర్ 14న తొలి తెలుగు వార్తలు చదివారు. అప్పట్లో ప్రాంప్టర్, అంటే చదవాల్సింది కెమెరా దగ్గరే కనిపించే తెర లేదు, వార్తలు కంఠతా పట్టి కెమెరా వైపు చూసి చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయిన రోజు బులెటిన్ నాదే. ఆయన వార్తలో ఒక్క అక్షరం తప్పు పోకూడదని నాలుగుసార్లు పైకి చదువుకుని సీట్లో కూర్చున్నాను.

ఇంకో రోజు కూడా మర్చిపోలేను. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మా అక్కవాళ్లు ఆ పక్కనే కోవూరులో ఉంటారు. పొద్దున్నుంచి ఫోన్ కలవడం లేదు. ప్రాంప్టర్ మీద "పాడుగపాడు" అని ఉంది. నేను సరిగ్గానే చదివాను. విజువల్స్ ఇంకా రాలేదు, చెవిలో "చెప్తూ ఉండు, చెప్తూ ఉండు" అంటున్నారు. కోవూరు ఎక్కడ, నెల్లూరు ఎంత దగ్గర, చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైళ్లకు ఆ లైనే దారి అని తెలిసిందంతా చెప్పాను. బ్రేక్‌లో ఫోన్ కలిసింది. "మేడ మీద ఉన్నామే, పిల్లలు బాగానే ఉన్నారు" అంది అక్క. మేకప్ రూములో కూర్చుని ఏడ్చాను. మేకప్ అబ్బాయి ఏమీ అడక్కుండా పౌడర్ అద్దాడు, మళ్లీ హెడ్‌లైన్స్‌కు వెళ్లాను.

నాన్నకు నిజమే చెప్పు. మార్నింగ్ షిఫ్ట్ అంటే తెల్లవారుజామున మూడింటికే క్యాబ్ వస్తుంది. మొదటి ఛానల్లో నాకు రెండు నెలల జీతం ఆపారు. హాస్టల్ ఆఫీసుకు దగ్గర్లోనే చూసుకో.

ఒంగోలు కేబుల్:
అక్క చెప్పింది నిజం. నేను లోకల్ ఛానల్లో కెమెరా చేస్తాను. ముందు మీ ఊళ్లో కేబుల్ వాళ్లను అడగమ్మా. డబ్బులు పెద్దగా రావు గానీ వార్త రాయడం, చదవడం, ఎడిటింగ్ పక్కన కూర్చోవడం అన్నీ వస్తాయి. ఆ వీడియోలే హైదరాబాద్‌లో చూపించుకోవచ్చు.

కావలి అమ్మాయి:
అక్కా, ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు రానని చెప్పేశాను. రాత్రి రేడియో పెట్టుకుని ఎడిటోరియల్ చదివితే రెండో పేరాలోనే తప్పిపోయాను. నాన్న మంచం మీద నుంచి లేచొచ్చి, "విఘాతం అన్నప్పుడు ఒత్తు పలకలేదు, మళ్లీ చదువు" అన్నాడు.