తూర్పు రోడ్డు, 150 గజాలు: వంటిల్లు, కారు, మెట్లు ఎలా సర్దాలి?

అందరికీ నమస్కారం. ఖమ్మంలో మాకు తూర్పు ముఖంగా 150 గజాల స్థలం ఉంది. రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 45. కింద అమ్మానాన్నలకు పడకగది, హాలు, వంటిల్లు, పూజకు కాస్త చోటు. పైన మాకూ పిల్లలకూ రెండు గదులు కావాలి.

చిక్కంతా ముందు భాగంలోనే. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలని నాన్న పట్టు. కారు పెట్టడానికి వీలైన మూల కూడా అదే! ఈశాన్యంలో పెడితే సింహద్వారానికి అడ్డం. రెండూ ఇరికించేసరికి ఇంజినీరు గీసిన ప్లానులో వంటిల్లు ఏడడుగుల వెడల్పుకు కుదించుకుపోయింది. రెండు వైపులా రెండేసి అడుగుల గట్లు పోతే మిగిలేది మూడడుగులు. ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఇక ఎవరూ కదలలేరు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి నైరుతి గదికి బాత్‌రూం ఆనుకుని ఉండాలి, దానికి మూడడుగుల తలుపు తప్పనిసరి. మెట్లు బయట పెడితే లోపల చోటు కలిసివస్తుంది, రేపు పై అంతస్తు అద్దెకివ్వడానికీ వీలు. కానీ వానాకాలంలో అన్నానికి దిగాలన్నా తడవాల్సిందే.

ఇలాంటి స్థలంలో కట్టుకున్నవారు వంటిల్లు వాయవ్యానికి మార్చుకున్నారా? మెట్లు లోపలా, బయటా? కారుకు ఎన్ని అడుగులు వదిలారు?